కరెంటుకు నీరుగట్టి

పుంగనూరు బస్టాండు నుంచి సదుం రోడ్డు పట్టుకుని నడిస్తే, టైర్ల షాపు దాటాక ఒక రేకుల కొట్టు వస్తుంది. దానికి బోర్డు లేదు. కాలిన మోటారు వాసన వస్తుంటే ఇంక బోర్డెందుకంటాడు దాని యజమాని. ఆయన పేరు హిదాయతుల్లా, వయసు యాభై ఎనిమిది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి బోరు మోటారు కాలినా దాన్ని విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి ఇచ్చేది ముప్పై ఏళ్లుగా ఆయనే. నేను ఆయనతో పోట్లాడినన్ని సార్లు కట్టుకున్న మొగుడితో కూడా పోట్లాడలేదు. అందుకని ఆయన గురించి చెప్పడానికి నాకంటే తగిన మనిషి లేదని నా నమ్మకం.

నా పేరు మాలతి. మాది నల్లగుట్టపల్లె. ఎకరా మల్బరీ తోట, అరెకరా రాగిచేను, రెండు పొట్టి ఆవులు, పట్టుపురుగులు పెంచే షెడ్డు ఒకటి, ముక్కు మీద కోపం, ఇవీ నా ఆస్తులు. మా ఆయన గిరీష్ మదనపల్లెకు పాలవ్యాను తోలుతాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మెదపడు, ఇద్దరి వంతూ నేనే మాట్లాడతాను. షెడ్డు మాత్రం పూర్తిగా నా కష్టార్జితం. తొమ్మిదేళ్లు పురుగుల్ని మేం పడుకునే గదిలోనే పెంచి, వాటి పక్కనే చాప వేసుకుని పడుకుని, పట్టుగూళ్లు అమ్మినప్పుడల్లా ఒక్కో గోడ లేపుకుంటూ వచ్చాను. దాని జోలికి ఎవరైనా వస్తే నేను మనిషిని కాను.

హిదాయతుల్లా కొట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఆయన తీగ చుట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. "ఏక్, దో, తీన్" అని పైకే లెక్కపెట్టుకుంటూ చుడతాడు. పెళ్లయిన కొత్తలో నాకది తెలియక, అరవై మూడు దగ్గర "అన్నా, ఇంకెంతసేపు?" అన్నాను. ఆయన చెయ్యి ఆపాడు. నా వైపు చూశాడు. చుట్టిన తీగంతా విప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

"ఒకటో రెండో తప్పితే ఏమవుతాదన్నా? ఎవురికి తెలుస్తాది?" అన్నాను ఒళ్లు మండి.

"నీకు తెలీదు, నాకూ తెలీదు. మోటారుకు తెలుస్తాదమ్మా," అన్నాడు.

ఆ రోజు ఆఖరి బస్సు తప్పింది. మా మొదటి పోట్లాట అదే.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. కాలిన మోటారు ఎవరు తెచ్చినా ముందు అడిగేది ఒకటే, "ఎప్పుడు కాలింది?" అని. తేదీ, ఊరు, పొద్దున ఎన్ని గంటలకో, అన్నీ స్కూలు పిల్లల నోటుపుస్తకంలో రాసిపెడతాడు. అలాంటివి పదకొండు నిండి పన్నెండోది మొదలైంది. ఆయన భార్య అజీజాబీ దాని మీద ఎప్పుడూ ఎగతాళి చేస్తుంటుంది. "మా పెండ్లి తేదీ అడగమ్మా, తలకాయ గోక్కుంటాడు. సదుం రంగప్ప మోటారు ఎప్పుడు కాలిందో అడుగు, నిమిషాలతో సహా చెప్తాడు," అంటుంది. రంగప్ప మోటారు నాలుగుసార్లు కాలింది. నాలుగు తేదీలూ ఆయన చూడకుండా చెప్పాడు, నేను విన్నాను.

ఇంక అసలు సంగతికి వస్తాను. పోయిన చలికాలంలో కొలత పరికరాలు పట్టుకుని నలుగురు మనుషులు మా చేలల్లో దిగారు. నడుచుకుంటూ పోతూ అక్కడక్కడా ఎర్రరంగు పూసిన రాళ్లు పాతారు. అందులో ఒకటి సరిగ్గా నా షెడ్డు వాకిట్లో పాతారు.

"పెద్ద టవర్ల లైను వస్తాండాదమ్మా. తీగల కింద కట్టడం ఉండకూడదు. షెడ్డు తీసెయ్యాల," అన్నాడు అందులో పెద్దవాడు.

నాకు వెంటనే కోపం వచ్చింది. వాళ్లు అటు పోగానే రాయి పీకి పేడదిబ్బలో పారేశాను. మరునాడు వచ్చి దానికి రెండింతలున్న రాయి పాతిపోయారు.

మా సబ్‌స్టేషన్ కింద మూడు పల్లెలున్నాయి. ఆ లైను కింద ఒకరి మామిడిచెట్లు పోతాయి, ఒకరి టమాటా మడి పోతుంది, కట్టడం పోయేది మాత్రం నాకొక్కదానికే. అందరం కలిసి క్రాసు రోడ్డులో షామియానా వేసుకుని కూర్చున్నాం. పొట్టి ఆవుల్ని రోడ్డుకు అడ్డంగా కట్టేశాం. బస్సులో జనం తిట్టడం మానేసి దిగొచ్చి వాటితో ఫోటోలు దిగారు. మదనపల్లె పోయి పెద్దాఫీసులో అర్జీలిచ్చాం. ఒకరోజు కరెంటాఫీసు ఇంజనీరు భానుప్రకాశ్ షామియానా కిందికే వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు. వచ్చి మాతోపాటు చాప మీదే కూర్చున్నాడు.

"మీ మూడు పల్లెల్లో రెండొందల పన్నెండు మోటార్లు ఉండాయి. పొద్దున త్రీఫేజు ఇచ్చిన నిమిషానికి లోడు ఎట్ల లేస్తాండాదో ఈ కాగితంలో సూడండి. ఉండే లైను మొయ్యలేదు. వోల్టేజీ సాల్లేదని మా ఆఫీసు ముందర కాలిన మోటార్లు పడేసి ధర్నా చేసింది మీరే కదా?" అన్నాడు.

ఆ మాట నిజమే. రెండేళ్ల కింద ఆ ధర్నా చేయించింది నేనే. అందరూ నా వైపు చూస్తుంటే నేను షామియానా చిరుగును పరీక్షగా చూశాను.

ఇలా కాదు, మోటార్ల సంగతి తెలిసిన మనిషి గట్టిగా మాట్లాడాలని హిదాయతన్నకు కబురు పెట్టాను. మరునాడు ఇంజనీరు మళ్లీ వచ్చిన వేళకే తన టీవీఎస్ మోపెడ్ మీద నోటుపుస్తకాల కట్ట వేసుకుని వచ్చాడు. ఇంజనీరును కడిగేస్తాడని నేను కొంగు బిగించుకుని కూర్చున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "తప్పు మనదే," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది.

"పదకొండు పుస్తకాలు, పద్నాలుగొందల మోటార్లు. అందులో తొమ్మిదొందల పైన కరెంటొచ్చిన పది నిమిషాల్లో కాలినవే. యాల? ప్రతివోడి స్టార్టరు పెట్టెలో ఆటో డబ్బా ఉండాది. కరెంటు రాంగానే మోటారు దానంతట అదే ఆన్ అవుతాది. మనిషి ఇంట్లో నిద్రపోతాంటాడు. రెండొందల మోటార్లు ఒక్క తూరి లేచి గుంజితే ఏ లైను తట్టుకుంటాదప్పా? వంతులేసుకుని, మోటారుకొక కెపాసిటర్ తగిలించుకుంటే ఈ లైనే సాలు. కొత్తది అక్కర్లా."

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, నువ్వు ఎవురి పక్క?"

"మోటారు పక్క," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భానుప్రకాశ్ మాత్రం ఆ నోటుపుస్తకాలు ఒక్కొక్కటీ తిరగేసి చూశాడు. చూసి ఒక మాట చెప్పాడు. ఏప్రిల్‌లో పదిహేను రోజులు సబ్‌స్టేషన్ మీటరులో నూరు ఆంపియర్లు దాటకుండా చూపిస్తే, ఈ లైను అవసరం లేదని తానే పైకి రాస్తాడట. "ఎండాకాలం కాబట్టి రెండు తూర్లు దాటితే నేను సర్దుకుంటా. మూడోతూరి దాటితే నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు. ఇంక నా షెడ్డు ఉండటం, పోవడం ఆ మీటరు చేతిలో పడింది.

మొదటి రోజే మీటరు నూట అరవై చూపించింది. వంతులకు ఒప్పుకున్నవాళ్లందరూ, పక్కవాడు మాట తప్పుతాడేమోనని ముందుగానే తాము తప్పారు. షామియానా కింద కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు మునెప్ప కర్ర పట్టుకుని లేచాడు. ఎనభై ఏళ్ల మనిషి, మా ఊరి ఆఖరి నీరుగట్టి. బోర్లు రాకముందు చెరువు తూము తీసి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే పని ఆయనది.

"మా నాయినకు గుంటెడు భూమి లేదు, నాకూ లేదు. అందుకే ఊరు మాకు తూము అప్పజెప్పింది. సొంత మడి ఉండేవోడి చేతికి తూమిస్తే నీళ్లు యాడికి పోతాయో మీకు తెల్దా? కరెంటుకూ ఒక నీరుగట్టిని పెట్టుకోండి. భూమి లేనోడిని సూడండి," అన్నాడు.

ఒక్కొక్కరే హిదాయతుల్లా వైపు తిరిగారు. ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నాడు, వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని.

నాకు కోపముందేగాని బుద్ధి లేకపోలేదు. "అన్నా, మోటార్లు కాలకపోతే నువ్వేం తింటావు?" అని అడిగాను.

"ముప్పై ఏండ్లు ఆ మాడు వాసనే పీల్చినా మాలతమ్మా. ఇంగ సాల్లే," అన్నాడు. ఆ తర్వాత వేలు పైకెత్తాడు. "కానీ ఒక మాట. వంతు తప్పినోడి ఫ్యూజులు పీకుతా. ఒక వంతు నీళ్లుండవు. నేను పీకితే ఎవురూ నోరెత్తకూడదు. మాలతమ్మ కూడా."

ఊరంతా గొల్లుమంది. నేను అందరి ముందరా సరేనన్నాను.

ఆయన కూతురు రేష్మ ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. మోటార్లను మూడు జట్లు చేసి, స్టార్టరు పెట్టెల మీద ఎరుపు, పచ్చ, పసుపు రంగులు వేయించింది. ఏ రంగుకు ఎప్పుడో అట్టమీద రాసి పాలకేంద్రంలో తగిలించింది. జట్టు మారేటప్పుడల్లా మునెప్ప స్టీలు తట్ట వాయించేవాడు. ఎనభై ఏళ్ల మనిషికి మళ్లీ ఉద్యోగం దొరికిన సంబరం, అవసరానికి మించి వాయించేవాడు. లైను కొసన ఉన్న పన్నెండు మందికి ఎప్పుడూ వోల్టేజీ అందదు, వాళ్లు సోలారు పంపులకు మారితే మంచిదని కూడా రేష్మ అంది. ఆ మాటకు వాళ్ల నాయన మూతి ముడిచాడు. అద్దం పలకలతో నీళ్లొస్తాయా అన్నాడు. ఆ పిల్ల ఆయన్ను బస్సెక్కించి కుప్పం దగ్గర ఒక రైతు తోటకు తీసుకుపోయి చూపించింది. పైపుకు చెవి ఆనించి గంటసేపు కూర్చున్నాడట.

"ఎట్లుందన్నా?" అని తిరిగొచ్చాక అడిగాను.

"నీళ్లొస్తాండాయి. పొగ లేదు, వాసన లేదు. ఎట్ల నమ్మేదమ్మా?" అన్నాడు. నమ్మాడు మాత్రం. పన్నెండు మందితోనూ దరఖాస్తులు పెట్టించింది ఆయనే.

రోజులు బాగా గడుస్తున్నాయి. మీటరు తొంభై దగ్గర నిలబడుతోంది. పదకొండో రోజున నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నా పురుగులు ఆఖరి పొర విడిచి పెద్దవయ్యాయి. ఆ వారం అవి రాత్రీ పగలూ తింటాయి. షెడ్డులోకి పోతే వాన పడుతున్న చప్పుడు వస్తుంది. ఎండకు తోటలో ఆకు వాడి తోలులా అయిపోతోంది. వాడిన ఆకు పురుగు ముట్టదు. నా వంతు మరునాటికి గాని రాదు. ఒక్క మోటారు, ఒక్క గంట, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని స్విచ్చి వేశాను.

పక్కచేను మనిషికి నా మోటారు చప్పుడు వినబడింది. మాలతమ్మే వేసుకుంటే మనకేం అని ఆయనా వేశాడు. ఆయన పక్కవాడూ వేశాడు. అరగంటలో వంతు లేని మోటార్లు ఇరవై అదనంగా తిరుగుతున్నాయి. మీటరు నూట పద్దెనిమిది చూపించిందని సబ్‌స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. అది రెండోసారి. ఇంకొక్కసారి దాటితే అంతా అయిపోయినట్టే.

హిదాయతుల్లా మోపెడ్ మీద వచ్చి మా చేల గట్ల వెంట నడిచాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ చేనులో నీళ్లు ఎంతదూరం పారాయో చూసుకుంటూ వచ్చాడు. ఆ కిటుకు మునెప్ప నేర్పించాడు. అందరి చేలల్లో నీళ్లు సగం సాళ్లకు చేరాయి. నా తోటలో ఆఖరి సాలుకు చేరాయి, అంటే అందరికంటే ముందు వేసింది నేనే. నా స్టార్టరు పెట్టె తెరిచి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాడు.

నోరెత్తనని మాటిచ్చానా? ఇచ్చాను. అయినా పక్క ఊరికి వినబడేలా అరిచాను. "నా షెడ్డు కోసమే కదా ఇదంతా! నా పురుగులు సస్తే షెడ్డు ఉండి ఏం లాభం? నీకు కండ్లు లేవా?"

ఆయన గొంతు పెంచలేదు. "నీ షెడ్డు కోసమే మాలతమ్మా. అందుకే నీ ఫ్యూజులే ముందర పీకాల. నిన్ను వదిలిపెట్టి ఇంగొకడివి పీకితే రేపు నా మాట ఎవురింటారు?"

షెడ్డులోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. తప్పు నాదేనని తెలిసి ఏడ్చిన ఏడుపు అది. పురుగులు మాత్రం తింటూనే ఉన్నాయి.

మరునాడు పొద్దున ఏడింటికి వాకిట్లో ఆటో హారను మోగింది. బయటికి వస్తే, ఆటో నిండా పచ్చటి మల్బరీ కొమ్మలు, వాటి మధ్యలో ఎక్కడో అజీజాబీ ముఖం. "సదుం రంగప్ప తోటలోది. నాలుగు తూర్లు మోటారు చుట్టిచ్చినోడు ఆకు అడిగితే ఇయ్యడా?" అంటూ దిగింది. హిదాయతుల్లా మోపెడ్ పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు, నేను ఎక్కడ మీద పడతానో అని.

"ఫ్యూజులు తెచ్చినావా?" అన్నాను.

"లేదు. ఆకు తెచ్చినా."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ లోపలికి రమ్మన్నాను. ముగ్గురం కలిసి తట్టలన్నిటికీ ఆకు వేశాం. ఒక్కో తట్టకు ఇన్ని కొమ్మలని ఆయన "ఏక్, దో, తీన్" అని లెక్కపెట్టి వేస్తుంటే నేను పెదవి కదపలేదు. మరుసటి రోజూ ఇంకో ఆటో ఆకు వచ్చింది. నా వంతు పోయిందని, మాలతమ్మకే దిక్కులేదని తెలిసిన తర్వాత మూడు పల్లెల్లో ఒక్కడు కూడా వంతు తప్పలేదు.

పదిహేనో రోజు సాయంత్రం సబ్‌స్టేషన్ గేటు దగ్గర జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు. భానుప్రకాశ్ బయటికి వచ్చి, "ఎనభై ఏడు!" అని అరిచాడు. ఇంజనీరు అలా అరవకూడదేమో, మాకు మాత్రం చాలా బాగుంది. మునెప్ప తట్ట పగిలేలా వాయించాడు. రెండు నెలలకు మదనపల్లె నుంచి కాగితం వచ్చింది. మా వైపు కొత్త లైను అవసరం లేదని అందులో ఉంది. నా షెడ్డు నిలిచింది. నేను ఆ కాగితాన్ని షెడ్డు తలుపుకు అన్నం ముద్దతో అంటించాను. ఎర్రరాయి పీకడానికి మనుషులొస్తే వద్దన్నాను. ఇప్పుడు దాని మీద నిలబడి కాళ్లు కడుక్కుని షెడ్డులోకి పోతాం. "రాయి బాగుండాది," అని మా ఆయన కూడా నోరు తెరిచి అన్నాడు. ఆ పంట గూళ్లు గట్టిగా, తెల్లగా వచ్చాయి. కుప్పం మార్కెట్లో వాటిని గలగలలాడించి చూసినవాళ్లు ఎవరివని అడిగారు.

ఆ ఎండాకాలం మా మూడు పల్లెల నుంచి హిదాయతుల్లా కొట్టుకు పోయింది ఆరు మోటార్లు. అంతకుముందు సంవత్సరం వరుసకట్టి ఉండేవి. ఆయన రేష్మతో కలిసి సోలారు పంపుల పని నేర్చుకుంటున్నాడు. తప్పు చేస్తే కూతురు గదమాయిస్తుంది, మాట్లాడకుండా విప్పి మళ్లీ మొదలుపెడతాడు. వంతులు చూసినందుకు మా దగ్గర మాత్రం ఏమీ తీసుకోనన్నాడు.

రాగులు ఇంటికొచ్చాక మునెప్ప అందరినీ పిలిచి కేకలేశాడు. "నీరుగట్టికి ఇంటికొక పడి గింజలు ఇచ్చేది మన ఆనవాయితీ. మరిసిపోయినారా?" అన్నాడు. ట్రాక్టరు కట్టాం. తప్పెట్లు కొట్టుకుంటూ పుంగనూరు పోయాం. కాలిన మోటార్లు పేర్చి ఉండే చోట రాగుల మూటలు దించుతుంటే అజీజాబీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తినేది ముగ్గురం కదమ్మా!" అంది.

హిదాయతుల్లా చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "మా తాత గాని, మా నాయిన గాని కళ్లంలో భాగం తీసుకున్నోళ్లు కాదప్పా. మేము అంగట్లో కొనుక్కుని తినేటోళ్లం. నాకు భాగమిచ్చినారు మీరు," అన్నాడు.

ఒక్కొక్కరే పడి కొలిచి ఇచ్చారు. నేను కావాలనే ఆఖరున పోయాను. పడి మీద గుట్టగా పోసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు. వంగి, అందులోంచి ఒక చేరెడు తీసి నా కొంగులో పోశాడు.

"ఇదేందన్నా?"

"నీకు ఒక వంతు నేను ఇయ్యలేదు మాలతమ్మా. ఇయ్యని వంతుకు గింజలు తీసుకుంటే నేనేం నీరుగట్టిని?"

పోట్లాడదామనుకున్నాను. ఆ చేరెడు రాగులూ కొంగున ముడివేసుకుని, ఏమీ అనకుండా ట్రాక్టరెక్కాను.

"ఏమండీ, మాలతమ్మ నోరు మూసుకునింది! తేదీ రాసుకోండి!" అని అజీజాబీ వెనక నుంచి అరిచింది.

తిరిగి చూస్తే, ఆయన కళ్లజోడు పెట్టుకుని నిజంగానే పన్నెండో నోటుపుస్తకం తెరుస్తున్నాడు.